మూలబడిన యంత్రములు మేల్కొనుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో కావ్యములను గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో వినవచ్చునని వచ్చినవారికి కంప్యూటరు ప్రసంగము కొంత వింతగా తోచవచ్చును. కాని కార్యదర్శిగారు నన్ను పిలుచునపుడే "మీకేది తెలియునో అదియే చెప్పుడు" అని నియమము పెట్టిరి. నాకు తెలిసినది పాత యంత్రములను మరల నడిపించు పని. మన చందాదారులలో కొందరు యువకులు ఇటీవల ఒక ప్రశ్న వేసియున్నారు. యంత్రమును చేసిన కంపెనీ దానిని వదలివేసిన పిమ్మట, లేదా ఆ కంపెనీయే లేకుండ పోయిన పిమ్మట, ఆ యంత్రము పాత యినుము కొనువానికిచ్చుటకు తప్ప మరి దేనికిని పనికిరాదా? పనికివచ్చును. అయితే ఎక్కడ అడ్డుపడును, ఎవరి శ్రమవలన ఆ అడ్డు తొలగినది అన్నది కొంచెము వివరముగా చెప్పవలసిన సంగతి.

మీట నొక్కిన క్షణమున కంప్యూటరు జ్ఞాపకము ఖాళీగా నుండును. ఏ పని చేయవలెనో, డిస్కు ఎక్కడ నున్నదో దానికి తెలియదు. డిస్కుమీద నున్న కార్యక్రమమును తెచ్చుకొనవలెనన్నను, తెచ్చుకొను కార్యక్రమ మొకటి ముందే ఉండవలెను గదా! మన చేతిపంపు కొన్నినాళ్లు వాడక ఆరిపోయినచో చెంబెడు నీరు పోసిన తరువాతనే నీరెత్తును. కంప్యూటరునకును అట్టి చెంబెడు నీరు కావలెను. అది ఒక చిన్న చిప్పులో శాశ్వతముగా వ్రాయబడియుండును. దానినే ఫర్మ్‌వేర్ అందురు. అది లేచి, యంత్రాంగమును ఒకమారు తడవి చూచి, డిస్కునుండి గాని, తీగె వెంట మరియొక కంప్యూటరునుండి గాని అసలు వ్యవస్థ యొక్క కెర్నెల్‌ను జ్ఞాపకములోనికి దింపి, దానికి పగ్గములప్పగించి తాను తప్పుకొనును. కెర్నెల్ అనగా గింజలోని పప్పు. ఈ మొత్తము క్రియకు బూటు చేయుట అని పేరు. ఆ మాట నిజముగా కాలి బూటునుండియే పుట్టినది. బూటు వెనుక నుండు పట్టీని పట్టుకొని తన్ను తానే పైకెత్తుకొన్నట్లు, అని ఆంగ్లేయుల చమత్కారము.

చిక్కంతయు ఆ చెంబెడు నీటిలోనే ఉన్నది. ఫర్మ్‌వేరును వ్రాసినవారు యంత్రమును చేసినవారు. తమ వ్యవస్థను తాము ఎత్తుకొనుటకు ఎంత కావలెనో అంతే వ్రాసికొనిరి. రేపు వేరొకడు వచ్చి వేరొక కెర్నెల్‌ను తెచ్చునని వారనుకొనలేదు. అనుకొనవలసిన పనియు వారికి లేదు.

నేను చెప్పబోవు యంత్రములు వర్క్‌స్టేషనులు అనబడునవి. 1980 నుండి 2000 వరకు గల కాలమున ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు, చలనచిత్రములకు బొమ్మలు గీయువారు వీనిని వాడిరి. అమెరికాలో సన్, డిజిటల్, సిలికాన్ గ్రాఫిక్స్ అను కంపెనీలు వీనిని చేసెడివి. నేడు ఆ మూడును లేవు. డిజిటల్‌ను 1998లో కాంపాక్ కొనెను, 2002లో కాంపాక్ హ్యూలెట్ ప్యాకార్డులో కలిసెను. సన్‌ను 2010లో ఆరకిల్ కొనెను. సిలికాన్ గ్రాఫిక్స్ 2009లో దివాలా తీసి అమ్ముడుపోయెను. కంపెనీలు పోయినవి గాని, గట్టిగా చేసిన యంత్రములగుటచే వేలకొలది యంత్రములు మిగిలియున్నవి. వానితో వచ్చిన వ్యవస్థలలో పెక్కింటికి మరమ్మతులు చేయువారు లేరు.

ఇక లినక్సు. ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయములో చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న దీనిని గూర్చి లోకమునకు తెలిపెను. ఆనాడది ఇంటెల్ వారి 386 చిప్పు గల ఇంటి కంప్యూటరుకొరకు మాత్రమే వ్రాసినది. 1994లో డిజిటల్ కంపెనీలో పనిచేయుచుండిన జాన్ హాల్ అను నతడు టోర్వాల్డ్స్‌ను కలిసికొని, ఆల్ఫా అను 64 బిట్ల యంత్రమొకటి అతనికి అందునట్లు చేసెను. 1995 మార్చిలో వెలువడిన 1.2 సంచికలో ఆల్ఫా, స్పార్క్, మిప్స్ అను మూడు జాతుల చిప్పులకును చోటు దొరకెను. స్పార్క్ పని డేవిడ్ మిల్లర్, మిప్స్ పని రాల్ఫ్ బెక్లే ముఖ్యముగా నెత్తుకొనిరి. కెర్నెల్‌ను తిరుగ వ్రాయుట ఒక యెత్తు, దానిని ఆ యంత్రము నోటికందించుట మరియొక యెత్తు. ఈ రెండవదానిని గూర్చి చెప్పువారు తక్కువ.

ఆల్ఫా సంగతి చూడుడు. దానికి ఒకటి కాదు, రెండు రకముల ఫర్మ్‌వేర్లుండెను. మొదటిది ఎస్‌ఆర్‌ఎమ్. ఆ మూడక్షరములు ఆల్ఫా నిర్మాణమును వివరించు "సిస్టమ్ రిఫరెన్స్ మాన్యువల్" అను గ్రంథమునుండి వచ్చినవి. పుస్తకము పేరు పెట్టుకొన్న ఫర్మ్‌వేరు కనుక మన గ్రంథాలయములో దానికి కొంచెము మర్యాద చేయవలెను. డిజిటల్ వారి యూనిక్సు, వీఎమ్ఎస్ వ్యవస్థలకొరకు చేసినది ఇది. రెండవది ఆర్క్. ఇది మైక్రోసాఫ్టు వారి విండోస్ ఎన్‌టీకొరకు. ఎన్‌టీ నడుపుటకే అమ్మిన కొన్ని చవుక యంత్రములలో ఆర్క్ మాత్రమే యుండెను.

ఎస్‌ఆర్‌ఎమ్‌నకు ఫైళ్లు, సంచులు అను జ్ఞానమే లేదు. డిస్కు తొలి 512 బైట్లు మాత్రము చదువును. అందులో కడపటి 32 బైట్లలో నాలుగు సంఖ్యలుండవలెను: ఎత్తవలసిన కార్యక్రమము పొడవెంత, డిస్కులో ఎక్కడ మొదలు, ఒక గుర్తు, పై వానిని సరిచూచుకొనుటకొక మొత్తము. అంతే. ఆ సంఖ్యలు చూపినచోట నున్నదానిని కండ్లు మూసికొని ఎత్తును. లినక్సువారు ఏబూట్ అను చిన్న కార్యక్రమమును డిస్కు మొదట, తొలి విభాగమునకు ముందు విడిచిన ఖాళీలో దాచి, దాని చిరునామాను ఆ 32 బైట్లలో వ్రాసిరి. ఏబూట్‌నకు ఫైళ్లు చదువుట తెలియును గనుక అది పోయి కెర్నెల్‌ను వెదకి తెచ్చును.

ఇక్కడొక గోడ తగవు వచ్చినది. ఇంటి కంప్యూటర్లలో డిస్కును విభాగములుగా పంచు పట్టిక అదే తొలి 512 బైట్లలో 446వ బైటునుండి ఉండును. ఎస్‌ఆర్‌ఎమ్ కోరు సంఖ్యలు 480వ బైటునుండి ఉండును. రెండును ఒకేచోట పడినవి. ఒకటి వ్రాసిన మరియొకటి చెరిగిపోవును. ఇంటి కంప్యూటరు అలవాటుతో డిస్కును పంచినవానికి ఆల్ఫా మీట నొక్కగానే మూడు బాణపు గుర్తులు తప్ప ఏమియు కనబడదు. ఆ కడపటి బైట్ల జోలికి పోని బీఎస్‌డీ పద్ధతిలో పంచుటయే దీనికి మందు. ఈ చిన్న మాట తెలియక ఎందరు మంచి యంత్రములను చెడినవనుకొని యుందురో!

ఆర్క్ మాత్రమే గల యంత్రముల కథ ఇంకను కష్టము. అక్కడ చిప్పు యొక్క అతి సూక్ష్మమైన ఆజ్ఞలను నెరవేర్చు పాల్‌కోడ్ అను భాగము ఎన్‌టీకి తగినట్లుండెను. లినక్సునకు కావలసినది యూనిక్సు తరహాది. అందుచే డేవిడ్ మోస్‌బర్గర్, డేవిడ్ రస్లింగ్ మొదలగువారు మైలో అను ఉపాయము పన్నిరి. ఆర్క్‌నకు అది ఎన్‌టీవంటి ఒక కార్యక్రమమువలె కనబడును. ఫ్లాపీనుండి లోనికి రాగానే తన పాల్‌కోడ్‌ను తాను పరచుకొని, లినక్సునుండి తెచ్చిన డ్రైవర్లతో డిస్కును చదివి, కెర్నెల్‌ను లేపును. అనగా ఫర్మ్‌వేరు చేయని పనిని చేయుటకు మరియొక చిన్న ఫర్మ్‌వేరునే తెచ్చి పెట్టిరన్నమాట. దీనిలో లోపమేమనగా ఒక్కొక్క రకము బోర్డునకు ఒక్కొక్క మైలో కావలెను. పొరుగువాని మైలో మనకు పనికిరాదు.

సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఇండీ అను యంత్రము 1993లో వచ్చినది. నీలవర్ణపు పెట్టె. లేచునపుడు చిన్న సంగీత స్వరము పలుకును. దాని డిస్కులో ఒక మూల వాల్యూమ్ హెడర్ అను అర యుండును. అందులో 15 ఫైళ్లకే చోటు, పేరునకు ఎనిమిదక్షరములు మించరాదు. కెర్నెల్‌ను గాని, దానిని లేపు కార్యక్రమమును గాని అందులో పెట్టవలెను. తొలి ఇండీల ఫర్మ్‌వేరునకు ఈకాఫ్ అను పాత తరహా మూట మాత్రమే విప్పుట తెలియును. లినక్సు కెర్నెల్ ఎల్ఫ్ అను తరహాలో మూట కట్టబడియుండును. సరకు ఒకటే, కట్టిన తీరు వేరు. మూట విప్పి పాత తరహాలో కట్టి ఇచ్చుటకు వేరొక పనిముట్టు చేయవలసివచ్చెను.

డిస్కు ఖాళీగా నున్నపుడు తీగె వెంట మరియొక కంప్యూటరునుండి కెర్నెల్‌ను రప్పింపవలెను. ఇక్కడ కనబడు చిక్కు నాకు చాల ఇష్టమైనది. రెండు కంప్యూటర్లు మాటలాడుకొనునపుడు ఒక్కొక్క సంభాషణకు పోర్టు అని ఒక సంఖ్య నిత్తురు, ఇంటికి తలుపు నంబరువలె. ఈ సంఖ్య 16 బిట్లది కనుక 65535 వరకు ఉండవచ్చును. ఇండీ ఫర్మ్‌వేరు మాత్రము 32767 దాటిన తలుపుతో మాటలాడలేదు. సరిగా సగములో నున్న ఆ హద్దును చూచినవారికి, ఒక బిట్టును కూడిక తీసివేతల గుర్తుకొరకు పొరపాటున విడిచిపెట్టిరేమో అని తోచును. లినక్సు సర్వరు తనంతట తాను ఎంచుకొను తలుపులన్నియు 32768 నుండియే మొదలగును! అందుచే ఒక్కమారైనను పని జరుగదు. ఇండీ పిలుచును, సర్వరు పలుకును, ఇండీకి వినబడదు. తీగెలు మార్చుదురు, కార్డులు మార్చుదురు, యంత్రమును తిట్టుదురు. చేయవలసినదంతయు సర్వరులో తలుపుల హద్దును 2048 నుండి 32767 వరకు అని ఒక వరుసలో వ్రాయుట. దానితోపాటు సర్వరు పంపు పొట్లములపై వేయు "విడగొట్టరాదు" అను గుర్తును మానిపించు మరియొక వరుస. ఈ రెండు వరుసలు డెబియన్ అను లినక్సు పంపిణీవారి స్థాపన పుస్తకములో అచ్చైనవి. ఆ పుటను వ్రాసినవారు ఎన్ని రాత్రులు మేల్కొని ఈ సంగతి కనుగొనిరో ఆ పుటలో లేదు.

సన్ వారి యంత్రములు ఈ విషయమున పెద్దమనుషులు. 1989లో వచ్చిన స్పార్క్‌స్టేషన్ 1 మొదలుకొని వానిలో ఓపెన్‌బూట్ అను ఫర్మ్‌వేరున్నది. మిచ్ బ్రాడ్లీ దీని కర్త. ఇది ఫోర్త్ అను భాషలో మనతో మాటలాడును. "ఓకే" అని పలికి మన ఆజ్ఞకై వేచియుండును. యంత్రములో ఏయే భాగములు ఎక్కడెక్కడ నున్నవో ఒక వంశవృక్షమువలె వ్రాసి, క్రొత్తగా వచ్చిన కెర్నెల్‌నకు చేతికిచ్చును. ఈ పద్ధతిని దాచక, 1994లో 1275వ సంఖ్య గల ప్రమాణముగా ప్రచురించిరి. ఈ వృక్షమును గూర్చి మరల చెప్పెదను.

ఈ సన్ యంత్రము తీగె వెంట లేచునపుడు, తన చిరునామానే ఫైలు పేరుగా మార్చి అడుగును. దాని చిరునామా 192.168.10.2 అనుకొందము. మన పెద్దలకు అణాల లెక్క జ్ఞాపకమే. 192 అణాలనగా 12 రూపాయలు, 168 అణాలనగా 10 రూపాయల 8 అణాలు. కంప్యూటరువారు పదునారింటి లెక్కలో 10కి ఎ అనియు, 11కి బి అనియు, 12కి సి అనియు వ్రాయుదురు. కావున 192 సి0, 168 ఎ8, 10 అనునది 0ఎ, 2 అనునది 02. ఫైలు పేరు సి0ఎ80ఎ02 అగును. దాని వెనుక యంత్రపు జాతి పేరు తగిలించవలెను. పదహారణాల లెక్క 1957లో మన రూపాయను విడిచినను, ఈ యంత్రములను విడువలేదు.

సన్ యంత్రములకు వచ్చిన రోగము వేరు. వాని గడియారము, వాని చిరునామా రెండును ఒక చిప్పులో నుండును. ఆ చిప్పు కడుపులోనే చిన్న బ్యాటరీని పెట్టి పోతపోసిరి. దాని ఆయువు పదేండ్లు. అది తీరగానే యంత్రము తానెవరో మరచును. గుర్తింపు వివరములు చెల్లవని తెరపై ఫిర్యాదు చేయును. తీగె వెంట లేచు ఆశ అడుగంటును. చిప్పు దొరకనిచోట ఓపికగలవారు దాని వీపును చిన్న ఆకురాయితో అరగదీసి, లోపలి తీగెలను పట్టుకొని, గడియారములలో వాడు బిళ్ల బ్యాటరీని బయటినుండి అతుకుచున్నారు. పిమ్మట "ఓకే" అన్నచోట కూర్చుండి 16 సంఖ్యలను ఒక్కొక్కటిగా చెప్పవలెను: మొదటిది ఎల్లప్పుడు 1, తరువాత యంత్రపు జాతి, తరువాత ఆరు సంఖ్యల చిరునామా, తయారైన తేది, యంత్రపు వరుస సంఖ్య, కడపట పై పదునైదింటిని సరిచూచు సంఖ్య. పసిబిడ్డకు పేరు పెట్టినట్లే! ఈ పదునారు సంఖ్యల అర్థమును ఒక అభిమాని వివరముగా వ్రాసి అందరికి పంచియుండనిచో, వేలకొలది స్పార్క్ యంత్రములు ఈపాటికి కరిగి ఇనుమై యుండెడివి.

వ్రాసిపెట్టనిచోట ఏమగునో చెప్పుటకు ఆక్టేన్ చాలును. ఇదియు సిలికాన్ గ్రాఫిక్స్ వారిదే, 1997లో వచ్చినది. దాని లోగుట్టు పత్రములు బయటికి రాలేదు. స్టానిస్లా స్కోవ్‌రోనెక్ అను నతడు సొంతముగా లోపలి చిప్పుల నడతను పరిశీలించి లినక్సును అందులో లేపెను. కాని ఆ పని అసలు కెర్నెల్‌లో చేరుటకు థామస్ బోగెన్‌డోర్ఫర్ చేతిమీదుగా 2020 జనవరిలో వచ్చిన 5.5 సంచిక వరకు ఆగవలసివచ్చెను. యంత్రము పుట్టిన ఇరువదిమూడవయేట! కుర్రవాడుగా ఆ యంత్రమును కోరుకొన్నవాడు నడివయసువాడగు కాలమిది.

ఇంత శ్రమయు దేనికని మీరడుగవచ్చును. మీ జేబులోని ఫోను ఆ వర్క్‌స్టేషనుకంటె ఎన్నోరెట్లు వేగముగలది. అవి కరెంటు త్రాగును, చప్పుడు చేయును. వానిపై నేటి వార్తాపుట ఒకటి తెరచుటయే గగనము. కచేరీ పనికి కొనుడని నేను చెప్పను, అట్లు చెప్పువానిని నమ్మవద్దు. ఆనాటి డిస్కులలో చిక్కుకొన్న లెక్కలు, బొమ్మలు, పరిశోధనలు బయటికి తీయవలసినవారికి ఇవి అవసరము. యంత్రము అడుగునుండి ఎట్లు లేచునో కంటితో చూచి నేర్వగోరు విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠశాల నేనెరుగను. లినక్సు మాత్రము అందరిని కలకాలము మోయునని భ్రమపడరాదు. తాను పుట్టిన 386నే అది 2013లో వచ్చిన 3.8 సంచికతో వదలెను. తొలి తరముల ఆల్ఫాలను 2024లో వచ్చిన 6.10తో వదలెను. వానిని నడుపువారు పాత సంచికలను భద్రపరచుకొని వాడవలసినదే. మోయుటకు మనుష్యులు కావలెను గదా.

ఇంతకు మించిన కారణమొకటి మీ జేబులలోనే ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోనులోని కెర్నెల్ కూడ లినక్సే. సన్ వారి యంత్రములో పుట్టిన ఆ వంశవృక్షపు పద్ధతియే నేడు ఆ ఫోనులలో లినక్సునకు ఏ భాగ మెక్కడ నున్నదో చెప్పుచున్నది. ప్రచురించిన పద్ధతి గనుక కంపెనీ పోయినను అది మిగిలినది. కాని నేటి ఫోను ఫర్మ్‌వేరు మరియొక పని నేర్చినది. తయారుచేసినవారి ముద్ర లేని కెర్నెల్‌ను అది లోనికి రానీయదు. దొంగలనుండి రక్షణకు ఇది మంచిదే, కాదనను. అయితే నాలుగైదేండ్లకు కంపెనీ మరమ్మతులు పంపుట మానినపుడు, గట్టిగానున్న ఫోనును క్రొత్త కెర్నెల్‌తో నడుపుకొనుటకు యజమానికే వీలుండదు. కొన్ని కంపెనీలు కోరినచో ఆ తాళము తీయనిచ్చుచున్నవి, కొన్ని తీయనీయవు. పాత వర్క్‌స్టేషను ఫర్మ్‌వేరు తెలివితక్కువది గాని, ఎదురాడునది కాదు. 32 బైట్లు సరిగా వ్రాసినవాడెవడైనను దానికి యజమానియే. ఇప్పటిది తెలివిగలది, తలుపు వేసికొని కూర్చుండును. కొనునపుడు ధర, కెమెరా అడుగువారు ఈ ఒక్క ప్రశ్నయు దుకాణములో అడుగవలెనని నా మనవి: మీరు మరమ్మతులు ఎన్నేండ్లు పంపుదురు, ఆ తరువాత తాళము తీయనిత్తురా?

గ్రంథాలయమువారికి ఒక చిన్న విన్నపము. కంప్యూటర్లతో, ప్రింటర్లతో వచ్చిన చిన్న పుస్తకములు, ఫ్లాపీలు, సీడీలు ఇండ్లలో పెట్టె అడుగున పడియుండును. వానిని చిత్తుకాగితములవానికి వేయక ఇక్కడ ఒక బీరువా అరలో చేర్పించుడు. యంత్రమును విప్పువారు దాని చిప్పులపై అతికించిన చీటీలలోని అంకెలను, అవి మాసిపోకమునుపే, ఒక కాగితముపై వ్రాసి అదే అరలో ఉంచవలెను. ఈ బీరువాకు తాళము వేయనక్కరలేదు.